అత్యవసర ఉదర శస్త్రచికిత్స - మరణానికి దారితీసే అంశాలు

ఉదరంలోని అవయవాల వలన ప్రాణాపాయం ఏర్పడినపుడు, ముందుగా నిర్ణయించిన తేదీ కొరకు ఆగకుండా కొన్ని గంటలలోనే చేసే శస్త్రచికిత్సను అత్యవసర ఉదర శస్త్రచికిత్స అంటారు. జీర్ణాశయానికి గానీ పేగుకు గానీ చిల్లు పడడం, పేగు మెలిపడడం, పేగుకు రక్తప్రసరణ ఆగిపోవడం ఇందుకు ముఖ్య కారణాలు. ముందుగా ఏర్పాటు చేసుకొని చేసే శస్త్రచికిత్సల కంటే వీటిలో మరణాలు అనేక రెట్లు ఎక్కువ. 2012లో ప్రచురితమైన ఒక బ్రిటిష్ అధ్యయనంలో 35 ఆసుపత్రులలోని 1,853 మంది రోగులను పరిశీలించగా, 30 రోజులలోపు మరణించినవారు 14.9 శాతం. 80 ఏళ్ళు, ఆపై వయసు వారిలో ఇది 24.4 శాతం.

కాలయాపన

పుండు వలన జీర్ణాశయానికి చిల్లు పడినపుడు మొదట ఆమ్లం బయటకు కారి పెరిటోనియం పొరను దహిస్తుంది. అపుడు నొప్పి కత్తితో పొడిచినట్లు ఉంటుంది. కొన్ని గంటల తరువాత పొర నుండి ఊరిన ద్రవం ఆమ్లాన్ని పలుచబరుస్తుంది కనుక నొప్పి కొంత తగ్గవచ్చు. గ్యాస్ నొప్పి అనుకొని మాత్రలు మింగి ఇంటివద్ద ఉండిపోయినవారికి ఇది మేలు చేసినట్లే కనిపిస్తుంది. కానీ నిజానికి ఈ సమయంలోనే సూక్ష్మజీవులు వృద్ధిచెంది, విషప్రభావం రక్తంలోకి చేరుతుంది. డెన్మార్క్‌లో ఇటువంటి 2,668 మంది రోగులపై జరిగి, 2013లో వెలువడిన అధ్యయనంలో, ఆసుపత్రిలో చేరాక శస్త్రచికిత్స ఆలస్యమైన ప్రతి గంటకు బ్రతికే అవకాశం సగటున 2.4 శాతం చొప్పున తగ్గినట్లు తేలింది.

రోగి స్థితి

వయసు ఒక్కటే ప్రమాదాన్ని నిర్ణయించదు. గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాల జబ్బులు, కాన్సర్, పోషకాహార లోపం, రక్తంలో ఆల్బుమిన్ తగ్గడం, శరీరం బలహీనపడి ఒకరి సాయం లేనిదే పనులు చేసుకోలేకపోవడం మరణావకాశాన్ని పెంచుతాయి. వృద్ధులలోను, స్టెరాయిడ్ మందులు వాడేవారిలోను నొప్పి, జ్వరం అంతగా కనబడకపోవచ్చు. అందువలన రోగనిర్ధారణే ఆలస్యమవుతుంది. రక్తపోటు పడిపోవడం, మూత్రం రాకపోవడం, రక్తంలో లాక్టేట్ పెరగడం అవయవాలు దెబ్బతింటున్నాయనడానికి గుర్తులు.

అంచనా పద్ధతులు

జీర్ణాశయ పుండు చిల్లుకు బోయీ పద్ధతి ప్రసిద్ధం. హాంగ్‌కాంగ్‌లో రూపొందిన ఈ పద్ధతిలో మూడే ప్రశ్నలు: తీవ్రమైన వేరే జబ్బు ఉన్నదా, శస్త్రచికిత్సకు ముందే షాక్‌లో ఉన్నాడా, చిల్లు పడి 24 గంటలు దాటినదా. 1987 నాటి పరిశీలనలో ఈ మూడింటిలో ఏదీ లేనివారు ఎవరూ చనిపోలేదు. ఒకటి ఉన్నవారిలో 10 శాతం, రెండు ఉన్నవారిలో 45.5 శాతం మరణించగా, మూడూ ఉన్నవారిలో ఒక్కరూ బ్రతకలేదు. తరువాతి అధ్యయనాలలో అంకెలు ఇంత కచ్చితంగా రాలేదు. కనుక మూడూ ఉన్నాయని శస్త్రచికిత్స మానుకోవడం సరికాదు. పి-పోసమ్ (1998) వంటి పద్ధతులు మరిన్ని అంశాలను లెక్కిస్తాయి గానీ, కంప్యూటర్ లేనిచోట బోయీ ప్రశ్నలే సులభం.

సంరక్షణ

2011లో ప్రచురితమైన మరొక డెన్మార్క్ అధ్యయనంలో, పుండు చిల్లు రోగులకు వెంటనే యాంటీబయాటిక్‌లు, సిరలోకి ద్రవాలు, త్వరిత శస్త్రచికిత్స, ఆ తరువాత నిశిత పరిశీలన ఒక క్రమపద్ధతిలో అందించగా, 30 రోజుల మరణాలు 27 శాతం నుండి 17 శాతానికి తగ్గాయి. ఇందులో కొత్త మందు గానీ కొత్త శస్త్రచికిత్సా విధానం గానీ ఏదీ లేదు.