తెనాలి దగ్గర దించిన కిటికీ

మాధవరం మా ఊరికి కోసెడు దూరం. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల ఎవరినడిగినా 'మిలిటరీ మాధవరం' అనే అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ ఒక్క ఊరి నుంచే 90 మంది, రెండో యుద్ధానికి 1,110 మంది వెళ్ళారని ఊరివాళ్ళు చెప్పే లెక్క. మా తాతయ్యది ఆ ఊరు కాదు. ఆ ఊరి కుర్రాళ్ళతో కలిసి రైలెక్కాడంతే. 1942 సెప్టెంబరు, వినాయక చవితి వెళ్ళిన వారం. అప్పటికాయనకు పంతొమ్మిదేళ్ళు.

ఎందుకెళ్ళావు తాతయ్యా అంటే, "బియ్యం కోసంరా" అనేవాడు. గోదావరి కాలువ కింద ఊరు పెట్టుకుని బియ్యానికి వెతుకులాటేమిటని చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. పండించింది మావాళ్ళే, కొలిచింది భూమిగలాయనకి. ఆ ఏడు మార్చిలో రంగూన్ జపాన్ వాళ్ళ చేతికి చిక్కింది. బర్మా బియ్యం రావడం ఆగిపోయి ఇక్కడ ధరలు పైకి లేచాయి. రంగూన్ రేవులో కూలి చేస్తూ నెలనెలా డబ్బు పంపే తాతయ్య మేనమామ అడవులు దాటి, ఎముకల గూడై తిరిగొచ్చాడు. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. ఇంట్లో అమ్మడానికి మిగిలింది ఒక కంచు చెంబు.

అప్పటి భారత సైన్యం 1939లో రెండు లక్షల చిల్లర. 1945 నాటికి పాతిక లక్షలు దాటింది. నిర్బంధం లేదు, అందరూ ఇష్టపడి చేరినవాళ్ళే అని పుస్తకాల్లో ఉంటుంది. ఆ మాట చదివినప్పుడల్లా నాకా కంచు చెంబు గుర్తొస్తుంది, కోపమొస్తుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. దక్షిణాది వాళ్ళు యుద్ధానికి పనికిరారని మొదటి యుద్ధం తర్వాత మద్రాసు పదాతి దళాలను ఒక్కొక్కటిగా రద్దు చేసిన దొరలే, అవసరం పడేసరికి 1941లో మద్రాస్ రెజిమెంట్‌ను మళ్ళీ నిలబెట్టారు. వంతెనలు కట్టే, మందుపాతరలు తీసే మద్రాస్ సాపర్లను మాత్రం ఎప్పుడూ వదులుకోలేదు. వాళ్ళ కేంద్రం బెంగళూరులో, అల్సూరు చెరువు పక్కన. తాతయ్య వెళ్ళింది అక్కడికే.

గూడెంలో టేపుతో ఛాతీ కొలిచారు. సంతలో ఎద్దును చూసినట్టు నోరు తెరిపించి పళ్ళు చూశారు. చేతికి రైలు వారంటు ఇచ్చారు. అదే ఆయన మొదటి రైలు ప్రయాణం. వాళ్ళమ్మ చిన్న జాడీలో ఆవకాయ పెట్టి, మూతికి నూనెగుడ్డ బిగించి కట్టింది. బెజవాడ దాటాక కృష్ణ వంతెన మీద అందరూ కిటికీల్లోంచి డబ్బులు విసిరారట. తాతయ్య ఒక కానీ వేశాడు. చిల్లికానీ ఇంకా రాలేదు, అది 1943లో వచ్చింది. గుండ్రటి రాగి కానీ అది. ఇనుప కమ్మీకి తగిలి టంగుమని నీళ్ళలో పడిన చప్పుడు కూడా చెప్పేవాడు.

దుగ్గిరాలలో ఇంకో కుర్రాడు ఎక్కాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. తెనాలి వస్తుందనగా వెంట ఉన్న హవల్దారు కిటికీ చెక్కలన్నీ దింపమన్నాడు. నెల రోజుల కిందట, ఆగస్టు 12న, క్విట్ ఇండియా నాయకుల అరెస్టులకు ఊరు ఊరంతా భగ్గుమని తెనాలి స్టేషన్ తగలబెట్టింది. పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. ఇప్పుడు తెనాలి రణరంగ చౌకులో ఉన్నది వాళ్ళ స్మారకమే.

చెక్కల సందులోంచి తాతయ్య చూశాడు. మసిబారిన గోడలు, ప్లాట్‌ఫారం మీద తుపాకుల పోలీసులు, వాళ్ళ మధ్యలోంచి అరటిపళ్ళ గంపతో నడిచిపోతున్న ముసలామె. అప్పుడా దుగ్గిరాల కుర్రాడు లేచి తన పక్క చెక్కను పూర్తిగా పైకెత్తాడు. హవల్దారు కసిరినా దించలేదు. బండి కదిలేదాకా నిలబడే ఉన్నాడు. గూడూరు దాటాక గానీ నోరు విప్పలేదు. ఆ రోజు స్టేషన్ మీదికి వెళ్ళినవాళ్ళలో వాళ్ళన్నయ్య ఉన్నాడు, అప్పటినుంచీ జాడ లేదు. ఇల్లు గడవాలి కదా, తమ్ముడు పట్టాళానికి బయల్దేరాడు.

మా తరం చదివిన చరిత్రలో స్టేషన్ తగలబెట్టినవాళ్ళు ఒక పుట, పట్టాళంలో చేరినవాళ్ళు ఒక పుట. రెండో పుట చాలామంది తిప్పనే తిప్పరు. వాళ్ళు ఒకే కంచంలో తిన్న అన్నదమ్ములని నాకు చెప్పింది ఆ కిటికీ.

బెంగళూరులో తెల్లారి దిగేసరికి చలి. అప్పటిదాకా చెప్పే ఎరగని పాదాలకు ఇనుప లాడాల బూట్లు. వారం రోజులు మడమల్లోంచి రక్తం కారింది. హిందుస్తానీని ఇంగ్లీషు అక్షరాల్లో నేర్పేవారు. ఆవకాయ జాడీ రెండు రోజుల్లో ఖాళీ అయింది, తమిళ తంబులు కూడా చెయ్యి పెట్టారు మరి.

మందుపాతర వెతకడం ఎలాగో నాకు పెరట్లో చేసి చూపించాడోసారి. బోర్లా పడుకుని, బాయినెట్ బదులు ఇనుప చువ్వ పట్టుకుని, నేలలోకి ఏటవాలుగా, మెత్తగా దించేవాడు. నిటారుగా గుచ్చకూడదు. "కంద తవ్వినట్టేరా, దుంపకి గాటు పడకూడదు" అన్నాడు. ఆ సాపర్ల దళంలోని సుబేదార్ సుబ్రమణియన్ 1944 ఫిబ్రవరిలో ఇటలీలో పేలబోతున్న పాతర మీద పడి తోటివాళ్ళను కాపాడి తను పోయాడు. ఆయనకు జార్జ్ క్రాస్ ఇచ్చారు. దుగ్గిరాల కుర్రాడు కూడా ఇటలీకే వెళ్ళాడు. తిరిగి రాలేదు. తాతయ్యను బర్మా వైపు పంపారు, మేనమామ నడిచొచ్చిన అడవుల్లోకి.

నాకు పదేళ్ళప్పుడు మద్రాసు వెళ్తున్నాం. వాన జల్లు కొడుతోందని అందరూ కిటికీలు దించేశారు. దుగ్గిరాల దాటగానే తాతయ్య లేచి మా కిటికీ పైకెత్తాడు. ఎదుటాయన తడిసిపోతున్నానని విసుక్కున్నాడు. "ఒక్క స్టేషనే బాబూ" అన్నాడు తాతయ్య. బండి తెనాలి విడిచేదాకా నిలబడి, తర్వాత కండువాతో ఆయన సీటు తుడిచి కూర్చున్నాడు.