సరమ అడిగిన ప్రశ్న

పల్నాటి వీరగాథ ఒక కోడిపుంజుతో మలుపు తిరిగి కారెంపూడి రణభూమిలో ముగుస్తుంది. నాయకురాలు నాగమ్మ పక్షానికీ బ్రహ్మనాయుడి పక్షానికీ మధ్య జరిగిన కోడిపందెం, అందులో ఓడి మాచర్లవారు చేసిన వలసవాసం, రాయబారిగా వెళ్లిన అలరాజు మరణం, నాగులేటి ఒడ్డున యుద్ధం, ఈ క్రమాన్ని ఆ సీమలో అక్షరం రానివారు సైతం చెప్పగలరు. దాయాదుల వైరం, జూదం, ప్రవాసం, రాయబారం అనే పోలికలను బట్టి దీనికి పల్నాటి భారతమని పేరు వచ్చింది. అంతగా ఎవరూ గమనించని పోలిక మరొకటి ఉన్నది. వ్యాసభారత కథ కూడా ఒక జంతువు చుట్టూ మనుష్యులు చూపిన అహంకారంతోనే ఆరంభమవుతుంది. అక్కడ కోడి కాదు, కుక్క.

ఉపోద్ఘాతం ముగిసి పౌష్యపర్వం మొదలయ్యేసరికి, పరీక్షిత్తు కుమారుడైన జనమేజయుడు కురుక్షేత్రంలో దీర్ఘసత్రం చేస్తూ ఉంటాడు. శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు అనే ముగ్గురు తమ్ములు తోడుగా ఉంటారు. దేవశుని సరమ కుమారుడైన సారమేయుడు అక్కడికి వస్తాడు. తమ్ములు అతనిని కొడతారు. ఏడుస్తూ వచ్చిన బిడ్డను తల్లి మొదట అడిగినది, నీవేమైనా తప్పు చేశావా అని. హవిస్సును నాకలేదు, దాని వైపు చూడనైనా లేదు అని బిడ్డ చెప్పాడు. అప్పుడు సరమ యజ్ఞవాటికకు వచ్చి, అపరాధం లేని నా కుమారుని ఎందుకు కొట్టారని నిలదీసింది. యజ్ఞదీక్షలో ఉన్న ఆ రాజపుత్రులలో ఒక్కరూ బదులు పలుకలేదు. కనబడని భయం నిన్ను చేరుగాక అని సరమ రాజును శపించింది. సత్రం ముగిసిన తరువాత కూడా జనమేజయునికి నిద్ర పట్టలేదు. ఆ శాపాన్ని శమింపజేయగల పురోహితుని వెదకి వెదకి, చివరకు శ్రుతశ్రవుని కుమారుడైన సోమశ్రవుని తెచ్చుకొన్నాడు. పాండవుల మునిమనుమడు, చక్రవర్తి, ఒక కుక్కపిల్లకు పడిన దెబ్బల కోసం పురోహితుని వెదకవలసి వచ్చింది.

ఈ కథలో యజ్ఞనియమాన్ని ఎవరూ కాదనలేదు. కుక్క చూచిన హవిస్సు యాగానికి పనికిరాదన్న నియమం సారమేయునికీ తెలుసు. సరమకూ తెలుసు. అందుకే ఆమె ముందుగా బిడ్డనే ప్రశ్నించింది. నియమం నియమంగా నిలిచి ఉండగానే, కొట్టడం అపరాధమయింది. 11వ శతాబ్దంలో రాజరాజనరేంద్రుని ఆస్థానంలో నన్నయభట్టారకుడు ఈ ఘట్టాన్ని తెనిగించినప్పుడు సరమ నోట ఒక కందపద్యం పెట్టాడు. మూలంలో శాపంగా ఉన్న మాట తెలుగులో నీతిగా విస్తరించింది. నిరపరాధి పక్కన సాధువూ పేదవాడూ వచ్చి చేరారు. పద్యం కంఠస్థం చేసిన తెలుగువారు ఎందరో ఉన్నారు. అది కుక్క పక్షాన పుట్టిన పద్యమని గుర్తున్నవారు తక్కువ.

ఇక్కడ ఆస్తికులకు ఒక సందేహం వస్తుంది. అది కపటం లేని సందేహం కనుక దానిని పరిహసించడం తగదు. శునకస్పర్శ అశుచి అని, స్పృశిస్తే స్నానం చేయవలెనని స్మృతులు చెబుతున్నాయి. దేవాలయ ప్రాంగణంలోకి కుక్క వస్తే శుద్ధి చేయవలెనన్న ఆచారం ఉన్నది. అటువంటప్పుడు గుడి వాకిట కాలు విరిగి పడి ఉన్న కుక్కను శుచిగా వచ్చిన భక్తుడు ఎత్తి వైద్యశాలకు చేర్చవచ్చునా?

ఆ స్మృతులే ఇంకొక మాట కూడా చెబుతున్నాయి. వైశ్వదేవం చేసిన గృహస్థు తాను భుజించకముందే కుక్కలకు, పతితులకు, రోగపీడితులకు, కాకులకు, క్రిములకు నేలపై మెల్లగా అన్నం ఉంచవలెనని మనువు విధించాడు. మెల్లగా అన్న మాటకు వ్యాఖ్యాతలు చెప్పిన అర్థం గమనించదగినది. అన్నానికి ధూళి అంటకుండా పెట్టవలెనట. విసరివేయడం బలి కాదు. అశుచి అని చెప్పిన శాస్త్రమే దాని ఆకలిని గృహస్థుని ఖాతాలో వ్రాసింది. ఋగ్వేదంలో యముని మార్గాన్ని కాచే నాలుగు కన్నుల శునకాలు రెండూ సరమ సంతానమే. పితృలోకానికి పోయే ప్రతి జీవుడూ వాటి ముందు నుండి నడవవలసినదే.

ఆ సందేహానికి పూర్తి సమాధానం భారతం చివర, మహాప్రస్థానిక పర్వంలో ఉన్నది. తెలుగులో దానిని చెప్పినవాడు నెల్లూరి తిక్కన సోమయాజి. ఆ విధంగా నన్నయ చేతిలో కుక్కతో మొదలైన కథ తిక్కన చేతిలో కుక్కతో ముగింపుకు వస్తుంది. ద్రౌపది, తమ్ములు ఒక్కొక్కరే కూలిపోగా ధర్మరాజు వెంట మిగిలినది కుక్క ఒక్కటే. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమంటాడు. కుక్క కూడా రావలెనని ధర్మరాజు అంటాడు. అప్పుడు ఇంద్రుడు ఎత్తిన వాదం ఏమిటి? అచ్చంగా పైన చెప్పిన సందేహమే. కుక్కలు గలవారికి స్వర్గంలో చోటు లేదు, కుక్క చూచిన దానమూ హోమమూ ఫలం ఇవ్వవు, దానిని విడిస్తే అందులో క్రూరత్వమేమీ లేదు అంటాడు. ధర్మరాజు ఒక్క మాటకైనా కుక్క శుచి అని వాదించలేదు. ఇంద్రుడు చెప్పిన శాస్త్రాన్ని ఖండించలేదు. తనను నమ్మి వచ్చినదానిని విడువడం శరణాగతుని భయపెట్టడంతో, స్త్రీవధతో, బ్రాహ్మణుని ధనం అపహరించడంతో, మిత్రద్రోహంతో సమానమైన పాపమని మాత్రమే అన్నాడు. స్వర్గాన్నైనా వదలుకొంటాను గాని దీనిని వదలను అన్నాడు. అశౌచం ఒక ఖాతా, పరిత్యాగం మరొక ఖాతా. మొదటిదానికి స్నానం ఉన్నది. రెండవదానికి ఏ ప్రాయశ్చిత్తమూ ధర్మరాజుకు కనబడలేదు. కుక్క రూపం విడిచి ధర్ముడు ప్రత్యక్షమయ్యేది ఆ తరువాతనే. ముందే తెలిసి ఉంటే అది పరీక్ష కాదు.

రామాయణ ఉత్తరకాండలో, వ్యాఖ్యాతలు ప్రక్షిప్తాలుగా భావించే సర్గలలో, తల పగిలిన కుక్క ఒకటి రాముని సభాద్వారం వద్దకు న్యాయం కోరి వస్తుంది. అనుమతి లేనిదే రాజగృహంలోకి, దేవగృహంలోకి తాము రాదగమని అదే చెబుతుంది. రాముడు లోపలికి పిలిపించి విచారిస్తాడు. సర్వార్థసిద్ధుడనే భిక్షువు, ఆకలితో తిరుగుతూ దారిలో అడ్డుగా ఉన్న కుక్కను కోపంతో కొట్టానని ఒప్పుకొంటాడు. బ్రాహ్మణునికి ఏ దండన విధించాలో సభకు తోచదు. అప్పుడు కుక్క, ఇతనిని కాలంజరంలో కులపతిగా నియమించండి అని కోరుతుంది. అందరూ ఇది వరమా అని ఆశ్చర్యపడగా, గత జన్మలో తానూ అక్కడి కులపతినేనని బయటపెడుతుంది. దేవస్వాన్ని నిర్వహించే పదవులలో ఉన్నవారు ఏడాదికొకసారి ఈ కథ చదువుకొంటే మంచిది.

పురాణాలను దాటి శిలల వద్దకు వద్దాము. తెలుగునేలపై కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుని శిలాశాసనాలు ఉన్నాయి. వాటిలో రెండవది రెండు విధాలైన చికిత్సలను పేర్కొంటుంది. ఒకటి మనుష్యులకు, రెండవది పశువులకు. మందుమొక్కలు లేనిచోట తెప్పించి నాటించామని, దారుల వెంట బావులు త్రవ్వించామని కూడా అందులో ఉన్నది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలోనే పశుచికిత్స రాజు చేయవలసిన పనిగా ఈ సీమలో రాతికెక్కింది.

కారెంపూడిలో పల్నాటి వీరుల ఆయుధాలను నేటికీ దైవాలుగా కొలుస్తారు. వీరుని రాతికి పూజ చేయడం దక్షిణాపథమంతటా ఉన్న ఆచారమే. ఆ ఆచారం ఒకచోట కుక్కకూ దక్కింది. కర్ణాటకలోని ఆతకూరులో సుమారు 950 నాటి వీరశిల ఒకటి దొరికింది. చోళులతో జరిగిన తక్కోలం యుద్ధంలో పరాక్రమం చూపిన మణలేరుడనే భటుని మెచ్చి, ఏమి కావలెనో కోరుకోమన్నాడు గంగరాజు బూతుగుడు. అతడు కాళి అనే వేటకుక్కను అడిగి పుచ్చుకొన్నాడు. ఆ కుక్క ఒక మహావరాహంతో పోరాడి, దానిని చంపి తానూ చనిపోయింది. మణలేరుడు శివాలయం ఎదుట శిల నిలిపి, దాని పూజకు భూమి ఇచ్చాడు. ఆ శిలకు పూజ చేయకుండా భుజించిన అర్చకునికి పాపం అంటుతుందని శాసనం. శివాలయ అర్చకుని భోజనానికి ముందు కుక్కశిలకు పూజ!

అయితే కరుణకు జ్ఞానం తోడు లేకపోతే ప్రమాదం. సుశ్రుతుడు కల్పస్థానంలో పిచ్చికుక్క విషాన్ని అలర్కవిషమని వర్ణించాడు. కాటు తిన్నవాడు నీటిని చూచి, నీటి శబ్దం విని భయపడితే దానిని జలత్రాసమని పేర్కొని, అటువంటివాడు బ్రతకడని తేల్చాడు. నేటి వైద్యం కూడా, లక్షణాలు పుట్టిన తరువాత రేబిస్ దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకమే అంటున్నది. మారినది ఆ ముందరి కాలం. 1885లో పాశ్చర్ మొదటిసారి ఒక బాలునికి టీకా వేశాడు. 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థ వెలిసింది. 1911లో కసౌలీలో సెంపుల్ తయారుచేసిన టీకాయే బొడ్డు చుట్టూ వేసే సూదులుగా మన పెద్దలకు గుర్తు. ఆ భయంతో కాటును దాచిపెట్టి పసరుమందులు వేయించుకొని ప్రాణం పోగొట్టుకొన్నవారు పల్లెల్లో ఉన్నారు. ఇప్పుడు భుజానికే సూది. కాటు పడిన వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆసుపత్రికి వెళ్లవలసినదే. మంత్రం వేయించుకొని వెళ్లకుండా ఉండటం శాస్త్రవిశ్వాసం కాదు, ఆత్మహింస.

ఆంగ్లేయ ప్రభుత్వం ఈ భయానికి కనుగొన్న ఉపాయం వధ. కుక్కకు ఇంత అని బహుమతి ఇచ్చి చంపించేవారు. 1832 జూన్‌లో బొంబాయిలో దీనికి వ్యతిరేకంగా పారసీకులు పెద్ద అలజడి చేశారు. చంపడం శతాబ్దానికి పైగా సాగినా వీధులలో కుక్కలు తగ్గలేదు. ఖాళీ అయిన చోటికి పక్క వీధివి వచ్చి చేరతాయి, మిగిలినవి పిల్లలను కంటాయి. 1959లో మద్రాసులో కెప్టెన్ సుందరం స్థాపించిన బ్లూక్రాస్ సంస్థ 1964 నుండి వేరొక మార్గం చెప్పింది. పట్టి, శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటనే విడువవలెనని. రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ పట్టుదల వలన 1960లో జంతుహింసా నివారణ చట్టం వచ్చింది. హైదరాబాదులో 1992లో అక్కినేని అమల బ్లూక్రాస్ నెలకొల్పారు. బ్లూక్రాస్ చెప్పిన మార్గాన్నే 2001లో, మరల 2023లో కేంద్రప్రభుత్వం నియమావళిగా చేసింది. వీధికుక్క చెవి అంచున చిన్న గాటు కనిపిస్తే దానికి శస్త్రచికిత్స అయినదని గుర్తు.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో ఒక పసివాడు కుక్కల దాడిలో మరణించాడు. ఆ తల్లిదండ్రుల దుఃఖాన్ని పక్కన పెట్టి మాట్లాడే భూతదయ అసంపూర్ణం. శస్త్రచికిత్స, టీకా సక్రమంగా జరగని ఊరిలో అన్నం పెట్టడం ఒక్కటే సేవ అనుకొనేవారు సగం పనే చేస్తున్నారు.

2022లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. రాష్ట్రంలో ఎండలకు పేరుమోసిన రెంటచింతల ఈ సీమలోనిదే. సున్నపుబట్టీల పిడుగురాళ్ల మీదుగా పోయే హైదరాబాదు–గుంటూరు దారిలో రాత్రింబవళ్లు లారీలు తిరుగుతాయి. మనుష్యులకు చలివేంద్రం పెట్టేవారు పక్కన నేలపై ఒక మట్టితొట్టి ఉంచితే దాని ఖర్చు పెద్దది కాదు. దెబ్బ తిన్న కుక్క విషయం అంత తేలిక కాదు. పశువైద్యశాలలు ప్రధానంగా పాడిపశువుల కోసం ఏర్పడినవి. ఎముక విరిగితే దూరం పోవలసి రావచ్చు. పశువైద్య కళాశాల గన్నవరంలో ఉన్నది. నొప్పితో ఉన్న కుక్క తనను ఎత్తేవానినే కరుస్తుంది, అది దాని దోషం కాదు. కనుక నోటికి మెత్తని గుడ్డ వదులుగా కట్టి, ఊపిరి ఆడుతున్నదో లేదో చూచుకొని, మందపాటి దుప్పటిపైకి జరిపి, ఇద్దరు పట్టి ఎత్తవలెను. విరిగిన అవయవాన్ని లాగరాదు. చొంగ కారుస్తూ తూలుతూ తిరిగేదాని దగ్గరకు పోరాదు, పశువైద్యునికి తెలియజేయవలెను. తరచు ఈ పని చేసేవారు ముందుగానే రేబిస్ టీకాలు వేయించుకోవలెను.

తిరిగి వచ్చిన తరువాత బావి వద్దనో కొళాయి వద్దనో సచేల స్నానం, యజ్ఞోపవీతధారులకు జందెం మార్పు, ఆచమనం. ఆ దుప్పటిని ఎండలో ఆరవేసి, మరల అవసరపడుతుంది కనుక గుడి వెనుక కొట్టులో భద్రపరచవలెను.