నవ్వును అతిథికి వదిలేసిన హోస్టు

1965 ఏప్రిల్‌లో అమెరికాలో ఎన్‌బీసీ వారి ‘టునైట్ షో’కి ఎడ్ ఏమ్స్ అనే గాయక నటుడు అతిథిగా వచ్చాడు. అప్పట్లో ఒక సీరియల్‌లో అమెరికా ఆదివాసి వేషం వేస్తున్నాడు కనుక చిన్న గొడ్డలి ఎలా విసరాలో చేసి చూపించమన్నారు. చెక్క మీద గీసిన కౌబాయ్ బొమ్మకు గురిపెట్టి విసిరితే అది వెళ్లి సరిగ్గా కాళ్ల సందున, పిడి పైకి లేచి నిలబడేలా దిగబడింది. జనం పగలబడి నవ్వారు. ఏమ్స్ ఇబ్బందిపడి గొడ్డలి పీకేయడానికి కదలబోతే హోస్టు జానీ కార్సన్ అతన్ని పట్టుకుని ఆపేశాడు. తాను ఒక్క ముక్క మాట్లాడలేదు. నవ్వు పెరిగి పెరిగి, తగ్గుముఖం పట్టేదాకా ఆగి, అప్పుడు ఒక చిన్న మాట విసిరాడు. మళ్లీ హాలు దద్దరిల్లింది. దశాబ్దాలపాటు వేసి చూపించిన ఆ దృశ్యంలో హోస్టు చేసిందల్లా అతిథిని ఆపడం, తాను ఆగడం. సెలబ్రిటీ టాక్ షోల చరిత్రను తిరగేస్తే మంచి హోస్టుకు అసలు గీటురాయి ఇదేననిపిస్తుంది. ప్రశ్నలు ఎవరైనా రాసిపెడతారు. తనకు రావలసిన చప్పట్లను పక్కవాడికి వదిలేసే గుండెనిబ్బరాన్ని మాత్రం ఎవరూ రాసివ్వలేరు.

ఈ గుణం ఆ వృత్తిలో మొదటి నుంచీ ఉన్నది కాదు. 1954 సెప్టెంబర్ 27న స్టీవ్ అలెన్‌తో ‘టునైట్’ జాతీయ ప్రసారం మొదలైనప్పుడు హోస్టే ప్రధాన ఆకర్షణ. పియానో వాయించేవాడు, జోకులు వేసేవాడు, జనంలోకి వెళ్లి మాట్లాడేవాడు. 1957లో వచ్చిన జాక్ పార్‌ది మరో తరహా. మనసులో ఉన్నది మొహం మీదే కనిపించే మనిషి. తన జోకు ఒకదాన్ని సెన్సారు కత్తిరించిందని 1960 ఫిబ్రవరి 11న షో మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు, మార్చిలో తిరిగొచ్చాడు. జనం ఎగబడి చూశారు, కానీ చూసింది పార్‌ని. 1962 అక్టోబర్‌లో ఆ కుర్చీలోకి వచ్చిన కార్సన్ అంతకు ముందు అయిదేళ్లు ‘హూ డు యూ ట్రస్ట్?’ అనే పగటిపూట పోటీ కార్యక్రమం నడిపాడు. అక్కడ ఎదురుగా కూర్చునేవాళ్లు పేరున్నవాళ్లు కారు, మామూలు గృహస్థులు. కెమెరా ముందు నోరు పెగలని మనిషి చేత నాలుగు మాటలు మాట్లాడించి, అందులో ఒక నవ్వు పుట్టించడం అతని రోజువారీ పని. సినిమా తారల దగ్గర పనికొచ్చిన ఓపిక అలా అలవడిందే. రెండో పాఠం రేడియో హాస్యనటుడు జాక్ బెన్నీ దగ్గరిది. తన షోలో మంచి జోకులు పక్కపాత్రలకు ఇచ్చి, తానే వాళ్ల వేళాకోళానికి గురవుతూ బెన్నీ పేరు తెచ్చుకున్నాడు.

ఈ వృత్తి లోగుట్టు ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. ఆ షోలకు అతిథి నేరుగా వచ్చి సోఫాలో కూర్చోడు. షో సిబ్బందిలో ఒకరు ముందుగానే అతనితో మాట్లాడి, చెప్పదగ్గ కథలు ఏరి, హోస్టుకు నోట్సు తయారుచేసి ఇస్తారు. అంటే జవాబు తెలిసే ప్రశ్న అడుగుతాడన్నమాట. తెలిసిన కథను మొదటిసారి వింటున్నట్టు వినడం సగం పని. అనుకోనిదేదో అతిథి నోట దొర్లినప్పుడు చేతిలో కాగితాన్ని మరిచిపోగలగడం మిగతా సగం. రెండోది చాలామందికి చేతకాదు, ఎందుకంటే కాగితం భద్రత, అనుకోనిది ప్రమాదం. పైగా సమయమూ కుంచించుకుపోయింది. మొదట్లో 105 నిమిషాలున్న షో 1967లో 90కి, 1980లో 60కి దిగింది. అతిథి తడబడి, సర్దుకుని, అసలు మాట చెప్పే వ్యవధి ఆ కోతలోనే పోయింది. ఈ నష్టాన్ని హోస్టుల ఖాతాలో రాయడం అన్యాయం.

ఇదంతా వింటే ఒక అభ్యంతరం రాక తప్పదు. అతిథిని మెరిపించడమే పనైతే హోస్టుకూ ప్రచారకుడికీ తేడా ఏమిటి? కొత్త సినిమానో పుస్తకమో అమ్ముకోవడానికి వచ్చినవాడిని గట్టిగా నిలదీయొద్దా? న్యాయమైన ప్రశ్నే. బీబీసీలో 1971లో షో మొదలుపెట్టిన మైకేల్ పార్కిన్సన్ పత్రికల్లోంచి వచ్చినవాడు, నిలదీయడం తెలియనివాడు కాదు. 1974లో బాక్సర్ మహమ్మద్ అలీని ఒక పుస్తకం ఆధారంగా ఇరకాటపు ప్రశ్న అడిగితే అలీ మండిపడి పార్కిన్సన్‌నే కడిగేశాడు. వాదనగా చూస్తే హోస్టు చిత్తుగా ఓడాడు. కానీ అతను అడ్డుపడకుండా ఆ ఉద్ధృతిని సాగనిచ్చాడు గనకే అలీ ఆలోచనలు, కోపం, గర్వం అన్నీ బయటపడ్డాయి. ప్రశ్న పదునుగా ఉండటం, ఆపైన నోరు కట్టుకోవడం ఒకదానికొకటి విరోధం కాదని తేలింది. 1971 డిసెంబర్‌లో డిక్ కావెట్ షోలో రచయిత నార్మన్ మెయిలర్ తోటి రచయిత గోర్ విడాల్ మీద విరుచుకుపడి, చివరికి కావెట్‌నే ప్రశ్నల కాగితం చూసుకోమని ఎద్దేవా చేశాడు. కావెట్ ఆ కాగితాన్ని మడిచి ఎక్కడ పెట్టుకోవాలో చెప్పి నోరు మూయించాడు. ఇది నా వాదనకు ఎదురుసాక్ష్యంలా కనిపిస్తుంది. కానీ ఆ దెబ్బ అంతగా తగలడానికి కారణం అప్పటిదాకా కావెట్ పట్టిన ఓర్పే. మాటకు మాట అనే హోస్టు అయితే అది పదో మాటై పోయేది. ఇంటర్వ్యూ చేయొద్దు, సంభాషణ నడుపు అని కావెట్‌కి తొలినాళ్లలో సలహా ఇచ్చింది అదే జాక్ పార్ కావడం తమాషా.

మన దేశంలో ఈ పరంపరకు మొదటి పేరు తబస్సుమ్. 1972లో బొంబాయి దూరదర్శన్‌లో మొదలైన ‘ఫూల్ ఖిలే హైఁ గుల్షన్ గుల్షన్’ 21 ఏళ్లు నడిచింది. ఆమె ‘బేబీ తబస్సుమ్’గా చిన్నప్పుడే తెరమీదికి వచ్చిన నటి, సినిమా వాళ్ల మధ్య పెరిగిన మనిషి. ఆ చనువును పెత్తనానికి వాడుకోకుండా అతిథి బెరుకు పోగొట్టడానికి వాడింది. 2004లో ‘కాఫీ విత్ కరణ్’తో చనువే సరుకైంది. హోస్టు కూడా అతిథుల సినిమా గుంపులోవాడే, చూసేవాడు గోడ మీంచి తొంగిచూసేవాడు. తెలుగులో 2021లో ‘ఆహా’లో వచ్చిన ‘అన్‌స్టాపబుల్’లో బాలకృష్ణ చాలామంది అతిథుల కన్నా పెద్ద తార. మరి అది జనాదరణ పొందలేదా, ఆగడం తెలియాలన్న సూత్రం ఏమైంది అనొచ్చు. ఆ షోలో జనానికి నచ్చింది ఆయన తారాబలం ఒక్కటే అయితే సినిమాలు చాలు. తెరమీద గర్జించే కథానాయకుడు తన మీద తానే జోకులు వేసుకుని, కుర్రహీరోల వేళాకోళానికి దొరికిపోవడం కొత్తగా అనిపించింది. జాక్ బెన్నీ చేసింది కూడా అదే.

ఇవాళ తెలుగు చానళ్లలో, యూట్యూబులో సినిమా విడుదల వారంలో వచ్చే ముచ్చట్లలో ఎక్కువ భాగం హోస్టు పొగడ్తతో మొదలై, అతిథి వాక్యం సగంలో ఉండగానే హోస్టు పకపకలతో ముగుస్తాయి. తప్పంతా ప్రమోషన్లదే అనడం తేలిక. కార్సన్ సోఫా మీదికీ అందరూ ఏదో ఒకటి అమ్ముకోవడానికే వచ్చారు. ఎడిటింగ్ గదిలో మౌనాలన్నీ కత్తిరించే నిర్మాతలు ఒక్క ఎపిసోడులోనైనా వాటిని ఉంచి చూడాలి. ఆ మౌనాన్ని భరించలేని హోస్టును మార్చాలి.