బీడు నేల పంపిన విత్తనం

నెల్లూరు, తిరుపతి వైపు ఉన్న పాత లూథరన్ సంఘాలను తలుచుకున్నప్పుడు, అక్కడికి సువార్తికులను పంపింది ఏదో మహానగరమై ఉంటుందని మనం అనుకుంటాం. కాదు, అది ఒక పల్లెటూరు. పేరు హెర్మన్స్‌బర్గ్.

ఉత్తర జర్మనీలో సెల్లె పట్టణానికి ఉత్తరంగా, ఎర్ట్‌సె అనే చిన్న నది పక్కన ఉంది ఆ ఊరు. చుట్టూ లూనెబర్గ్ బీడు. అంతా ఇసుక నేల. తరతరాలుగా చెట్లు నరికి గొర్రెలు మేపడంతో పొదలే మిగిలాయి. వేసవి చివర ఆ పొదలు ఊదారంగు పూలు పూస్తాయి. గొర్రెలు, తేనెటీగలు, ఇసుకలో పండే కొద్దిపాటి పంట, ఇవే అక్కడి రైతుల ఆస్తి.

ఆ సంఘానికి తండ్రి తరువాత కాపరి అయినవారు లూయిస్ హార్మ్స్ గారు. విశ్వవిద్యాలయంలో చదివినా, పల్లె జనంతో వారి యాసలోనే మాట్లాడేవారు. 1849లో 12 మంది యువకులతో మిషనరీ పాఠశాల తెరిచారు. వారిలో ఎక్కువమంది రైతుబిడ్డలే. 1853లో సొంతంగా ఓడ కట్టించి, ఐతియొపీయ రాణి పేరు మీద దానికి కందాకే అని పేరు పెట్టారు. మిషనరీలతో పాటు రైతులూ చేతిపనివారూ ఎక్కారు.

వారి గురి ఒరోమో ప్రజలు. కానీ తూర్పు ఆఫ్రికా తీరంలో తలుపు మూసుకుంది. లోపలికి వెళ్లనివ్వలేదు. వెనుదిరిగి, దక్షిణాన నాటాల్‌లో 1854లో పని ఆరంభించారు.

తరువాత మిలియస్ అనే మిషనరీ ద్వారా 1865లో ఆ పని మన తెలుగు నేలను చేరింది. సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు ప్రాంతాల్లో సంఘాలు లేచాయి. అదే ఏడాది నవంబరులో హార్మ్స్ గారు ప్రభువునందు నిద్రించారు. ఇక్కడి పంటను ఆయన కన్నులారా చూడలేదు. మొదటి ప్రపంచ యుద్ధం జర్మన్ మిషనరీలను ఈ దేశం నుండి దూరం చేసింది. అమెరికా లూథరన్లు ఆ పనిని అందుకున్నారు. నాటిన వారు వెళ్లిపోయినా సంఘం నిలిచింది. అదే నేటి దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం.

పల్లెల్లో సేవ చేసే మేము తరచుగా అనుకునే మాట ఒకటుంది: "మాది చిన్న సంఘం, కానుకలు తక్కువ, మేమెవరికి పంపగలం?" హెర్మన్స్‌బర్గ్ చరిత్ర ఆ మాటను మా నోట ఆపుతోంది. బేత్లెహేమును ఎన్నుకున్న దేవుడు ఊరి జనాభా లెక్క అడగడు. ఇంతకాలం మనం పొందినవాళ్లం. ఇప్పుడు మన పల్లె ఎవరిని పంపుతుంది? ఈ వారం మీ కుటుంబ ప్రార్థనలో ఆ ప్రశ్న ప్రభువు ముందు పెట్టండి.