రికార్డుకు తాళం పడిన కథ

గోదాములో 40 బస్తాలున్నాయని రికార్డులో ఉంది. ఒక కౌంటరులో 10 బస్తాలు అమ్మారు. సరిగ్గా అప్పుడే పక్క కౌంటరులో 5 అమ్మారు. ఇద్దరు గుమాస్తాలూ స్క్రీన్ మీద చూసింది 40నే. మొదటాయన 30 అని రాసి సేవ్ చేశాడు. మరుక్షణం రెండో ఆయన దాని మీదే 35 అని రాశాడు. గోదాములో మిగిలింది 25 బస్తాలు, లెక్కలో ఉన్నది 35. ప్రోగ్రాము ఏ లోపమూ చూపించలేదు. ‘రికార్డు లాక్ అయి ఉంది’ అని పని మధ్యలో విసిగించే సందేశం పుట్టింది ఈ నష్టాన్ని ఆపడానికే. దాన్నే జబ్బుగా భావించి తీసేయమనే యజమానికి ముందు ఈ 10 బస్తాల సంగతి చెప్పాలి.

1960లో కోబాల్ భాష మొదటి నిర్దేశాలు వెలువడేనాటికి ఈ బెడద లేదు. పగటి లావాదేవీలన్నీ కార్డుల మీద కొట్టి, వరుసగా పేర్చి, రాత్రికి ఒకే జాబ్‌గా నడిపేవారు. టేపు ఎక్కించాక ఆ ఫైలు మొత్తం ఆ ఒక్క ప్రోగ్రాముదే. డిస్కులూ టెర్మినళ్లూ వచ్చాక పరిస్థితి మారింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ కోసం ఐబీఎం తయారుచేసిన సేబర్ 1964 నాటికి ఊరూరా ఉన్న ఏజెంట్లను ఒకే సీట్ల లెక్క ముందు కూర్చోబెట్టింది. ఇక ఒకరు రాస్తుంటే మరొకరిని ఆపక తప్పదు.

ఆపితే ఇంకో చిక్కు. నేను సరుకు రికార్డు పట్టుకుని ఖాతాదారు రికార్డు కోసం చూస్తున్నాను. మీరు ఖాతాదారు రికార్డు పట్టుకుని సరుకు కోసం చూస్తున్నారు. ఇద్దరమూ ఎప్పటికీ కదలం. డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1960లలోనే దీన్ని మృత్యు కౌగిలి అన్నాడు. 1976లో ఐబీఎం శాన్ హోజే ప్రయోగశాల నుంచి కపాలి ఈశ్వరన్, జిమ్ గ్రే, లోరీ, ట్రైగర్ ఒక పత్రం ప్రచురించారు. ఒక తాళం వదిలిన తర్వాత కొత్త తాళం పట్టకూడదన్నది వారి నియమం. లెక్క చెడకుండా అది కాపాడుతుంది. కౌగిలి విడిపించడానికి మాత్రం ఇద్దరిలో ఒకరిని వెనక్కి పంపాల్సిందే.

సిద్ధాంతం ఇంత చక్కగా తేలినా, కోబాల్ ప్రోగ్రామరుకు అందింది మాత్రం రెండక్షరాల ఫైల్ స్టేటస్. 00 అంటే పని జరిగింది, 23 అంటే రికార్డు లేదు. 1985 ప్రమాణంలో కూడా లాక్‌కు సొంత కోడ్ లేదు. 9తో మొదలయ్యే కోడ్‌లను కంపైలరు తయారీదారుల ఇష్టానికి వదిలేశారు. ఆర్ఎం కోబాల్ 99 అంది. మైక్రో ఫోకస్‌లో మొదటి అక్షరం 9, రెండో బైటులో 68 అనే సంఖ్య. ఆస్కీ పట్టికలో 68 అంటే ‘డి’ కాబట్టి స్క్రీన్ మీద 9డి అని కనిపించేది.

ఒక్కరే వాడతారనుకుని రాసిన ప్రోగ్రాములో ఇది ఎలా బయటపడుతుందో చూడండి. స్టేటస్ 00 కాకపోతే రికార్డు లేనట్టేనని అందులో రాసి ఉంటుంది. పక్క సీటులో ఎవరో ఆ ఖాతాను తెరిచి ఉంచారు. చదవబోతే 9డి వస్తుంది, ప్రోగ్రాము ‘ఖాతాదారు లేరు’ అంటుంది. పదేళ్లుగా సరుకు కొంటున్న మనిషిని గుమాస్తా కొత్తగా నమోదు చేయబోతాడు. అప్పుడు 22 వస్తుంది, ఆ నంబరు ముందే ఉందని. లేని మనిషి నంబరు ఎలా ఉంది? ఆఫీసంతా ఫైలు పాడైందనుకుంటుంది. నిజానికి ఫైలుకు ఏమీ కాలేదు.

1988లో ఐబీఎం తెచ్చిన ఏఎస్/400 ఈ విషయంలో మర్యాద తెలిసిన యంత్రం. మామూలుగా 60 సెకన్లు వేచి చూస్తుంది. అప్పటికీ దొరకకపోతే ఆర్పీజీ భాషలో రాసిన ప్రోగ్రాముకు 1218 అనే స్టేటస్ ఇస్తుంది, ఆ రికార్డును ఏ జాబ్ పట్టుకుందో జాబ్ లాగ్‌లో చెబుతుంది. నా దృష్టిలో ఇదే అసలైన ముందడుగు. ఎవరి దగ్గర ఉందో తెలిస్తే గుమాస్తా లేచి వెళ్లి అడుగుతాడు.

కానీ పట్టుకున్నవాళ్లు స్క్రీన్ తెరిచి భోజనానికి వెళితే? దీనికి మందు వేరే దారిలో దొరికింది. 1969లో వచ్చిన, టెర్మినళ్ల లావాదేవీలను నడిపే ఐబీఎం సీఐసీఎస్ కింద, మెమరీ చాలక, మనిషి టైపు చేస్తున్నంతసేపు ప్రోగ్రామును ముగించేసే అలవాటు పెరిగింది. ప్రోగ్రాము ముగిస్తే తాళమూ పోతుంది. అందుకని తాళం లేకుండా చదివి చూపించడం, సేవ్ నొక్కాక తాళంతో మళ్లీ చదవడం, మొదట చూసినదానితో పోల్చి, మారకపోతేనే రాయడం వాడుకలోకి వచ్చాయి. ఇలా ముందు పనిచేసి చివర్లో సరిచూసుకునే ఆలోచనకు 1981లో కుంగ్, రాబిన్‌సన్ సిద్ధాంతరూపం ఇచ్చారు. పాత ప్రోగ్రాములను బాగుచేసేవాళ్లు ఇప్పటికీ చేసే పని ఇదే. దాంతోపాటు, దొరకకపోతే కొన్నిసార్లు మాత్రమే ప్రయత్నించి ఆగేలా రాస్తారు. హద్దు లేకుండా తిరిగే లూపు వేలాడిపోయిన స్క్రీన్‌తో సమానం.

చివరికి 2002 కోబాల్ ప్రమాణంలో లాక్‌కు సొంత కోడ్ దక్కింది: రికార్డు లాక్ అయితే 51, డెడ్‌లాక్‌కు, అంటే ఆ మృత్యు కౌగిలికి, 52. అప్పటికే లక్షల వరుసల్లో 99, 9డి పాతుకుపోయి ఉన్నాయి. అందుకే కంపైలరు మార్చేటప్పుడు అనుభవజ్ఞులు ముందుగా ఈ అక్షరాలను వెతికి, వాటి పక్కన 51ని కూడా చేరుస్తారు.