కెమెరా ఆన్ చెయ్యాల్సిందేనా? ఆన్‌లైన్ మీటింగ్ మర్యాదల వెనక కథ

"మీరు మ్యూట్‌లో ఉన్నారండీ" అనే మాట 2020 తర్వాత మనం ఎన్నిసార్లు విన్నామో లెక్కే లేదు. మాట్లాడనప్పుడు మ్యూట్ పెట్టుకోండి, టైముకి జాయిన్ అవ్వండి, కెమెరా ఆన్ చెయ్యండి అని హెచ్‌ఆర్ వాళ్లు మెయిల్స్ పెడుతుంటారు కదా. ఈ గొడవంతా కరోనాతోనే మొదలైందనుకుంటాం. చాలా పాతది ఇది.

1878లో అమెరికాలోని న్యూ హేవెన్ ఊళ్లో టెలిఫోన్ కంపెనీ చందాదారులకి ఒక చిన్న పుస్తకం ఇచ్చింది. అందులో పేర్లతో పాటు ఫోన్‌లో ఎలా మాట్లాడాలో కూడా రాశారు. "హల్లోవా" అని మొదలుపెట్టాలి, అయిపోయాక "అంతే" అని చెప్పాలి. నవ్వొస్తుంది కానీ, ఎదుటి మనిషి కనపడనప్పుడు అతని మాట అయిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? స్క్రీన్ షేర్ చేసి "కనపడుతోందా అండీ?" అని మనం అడిగేది కూడా ఇందుకే. గ్రాహం బెల్ ఏమో "అహోయ్" అనాలన్నాడు. ఎడిసన్ "హలో" అన్నాడు. ఎవరు గెలిచారో చెప్పక్కర్లేదు.

నాకు బాగా నచ్చింది మాత్రం పిక్చర్‌ఫోన్ కథ. ఏటీ అండ్ టీ కంపెనీ దీన్ని 1964 న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో జనానికి చూపించింది. 1970 జూన్ 30న పిట్స్‌బర్గ్‌లో ఆఫీసుల కోసం సర్వీసు మొదలైంది. 8 కంపెనీలు, 38 సెట్లు. నెలకి 160 డాలర్లు, అందులో 30 నిమిషాలు కలిపి. ఆ పైన నిమిషానికి 25 సెంట్లు. అంత డబ్బు పోసి కొన్నా, అవతల ఇంకొకడి దగ్గర కూడా సెట్ ఉండాలి కదా! పైగా ఫోన్ మోగగానే మొహం చూపించాలంటే చాలామందికి ఇష్టం లేదు. కొన్నేళ్లకే మూతపడింది.

కానీ ఆ సెట్‌లో రెండు బటన్లు ఉండేవి. ఒకటి నొక్కితే మన బొమ్మ మనకి కనపడుతుంది, జుట్టు సరిచేసుకోవడానికన్నమాట. ఇంకోటి నొక్కితే మన బొమ్మ అవతలి వాళ్లకి వెళ్లదు. అంటే కనపడాలా వద్దా అన్నది ఫోన్ ఎత్తినవాళ్ల ఇష్టం. 1970లోనే ఆ ఇంజనీర్లకి ఈ ఇంగితం ఉంది.

2020కి వద్దాం. జూమ్‌లో రోజూ మీటింగుల్లో పాల్గొనేవాళ్లు 2019 డిసెంబర్‌లో సుమారు కోటి. 2020 మార్చికి 20 కోట్లు. కోర్టులు కూడా ఆన్‌లైన్‌కి వచ్చేశాయి. ఏప్రిల్‌లో రాజస్థాన్ హైకోర్టు విచారణకి ఒక లాయర్ బనీనుతో కనపడితే జడ్జి బెయిల్ కేసు వాయిదా వేశారు. ఆ క్లయింట్ సంగతి ఆలోచించండి, ఎవరిదో బనీను, ఎవరికో జైలు. మేలో సుప్రీంకోర్టు కోటు, గౌను అక్కర్లేదు, తెల్ల చొక్కా, మెడకి తెల్ల బ్యాండు ఉంటే చాలంది. చీరైనా, సల్వార్ కమీజైనా తెల్లదైతే సరే. ఇది న్యాయంగా ఉంది.

ఆఫీసుల్లో మాత్రం అంత ఆలోచన లేదు. నేను జాబ్ చేసే రోజుల్లో మా టీంలో ఒక అక్క రెండు గదుల ఇంట్లోంచి రాత్రి తొమ్మిదింటికి క్లయింట్ కాల్‌కి వచ్చేది. వెనకాల అన్నాలు తింటున్న అత్తామామలు. బ్లర్ పెడితే పాత ల్యాప్‌టాప్ హ్యాంగ్. అయినా కెమెరా కంపల్సరీ! టైముకి రావడం, మ్యూట్‌లో ఉండటం పక్కవాళ్ల కోసం, ఒప్పుకుంటా. ఒకరి ఇల్లు పదిమందికి చూపించమనడం ఏం మర్యాద? కొత్తవాళ్లు కలిసే మొదటి ఐదు నిమిషాలు చాలు అంటాను నేను.

ఇంకోటి. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జెరెమీ బైలెన్సన్ 2021లో వీడియో కాల్స్‌తో వచ్చే అలసట గురించి రాస్తూ, గంటల తరబడి మన మొహం మనమే చూసుకోవడాన్ని ఒక కారణంగా చెప్పారు. పిక్చర్‌ఫోన్‌లో అది బటన్ నొక్కితేనే కనపడేది, ఇప్పుడేమో మనమే తీసెయ్యాలి. జూమ్‌లో మీ వీడియో మీద మూడు చుక్కలు ఉంటాయి చూడండి, అక్కడ "హైడ్ సెల్ఫ్ వ్యూ" ఉంది. మీరు అవతలివాళ్లకి కనపడుతూనే ఉంటారు, మీకు మాత్రం కనపడరు. ఉంటానండి.