వడ్రంగి ముక్కును కాపాడే గొట్టం

విశాఖవాసులకు ధూళి అనగానే ఓడరేవులో దించే బొగ్గు, ఇనుప ఖనిజం, ఉక్కు కర్మాగారపు పొగగొట్టాలు గుర్తుకు వస్తాయి. వాటిని గురించి మనం తరచుగా మాట్లాడుకుంటూనే ఉంటాం. కానీ ఇంట్లో అల్మరాలు, తలుపులు చేయించుకునే రోజుల్లో గదుల నిండా తేలియాడే చెక్క పొడిని గురించి ఎవరూ పట్టించుకోరు. చెట్టు నుంచి వచ్చినదే కదా, అది ఏం చేస్తుందిలే అన్న భావన మనలో బలంగా పాతుకుపోయింది. ఆ భావన పొరపాటని వైద్యశాస్త్రం నిర్ధారించడానికి చాలా కాలం పట్టింది. ఆ పొడిని పీల్చుకునే యంత్రం, గొట్టం మాత్రం అంతకు ఎన్నో దశాబ్దాల ముందే పుట్టాయి. మందు ముందు దొరికి, జబ్బు తరువాత తెలిసిన అరుదైన ఉదంతమిది.

కొయ్యపని మన ప్రాంతానికి కొత్తది కాదు. పద్దెనిమిదో శతాబ్దంలోనే విశాఖపట్నం పనితనం సముద్రాలు దాటింది. ఇక్కడి కమ్సాలి పనివారు రోజ్‌వుడ్, ఎబొనీ వంటి గట్టి కొయ్యలతో పెట్టెలు, కుర్చీలు, బీరువాలు చేసి, వాటిలో ఏనుగు దంతం పొదిగి, దంతం మీద చెక్కిన సన్నని గీతలలో నల్లని లక్క నింపేవారు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు వాటిని మోజుపడి కొనుక్కునేవారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఆనాటి పనితనం నేటికీ భద్రంగా ఉంది. ఇక వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాక సంగతి తెలుగువారికి చెప్పనక్కరలేదు. అంకుడు కర్రను లేత్ మీద తిప్పి, లక్క రంగులద్ది చేసే ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఆ పాత పనివారి చేతిలో ఉన్నవి ఉలి, బాడిశ, చేతి రంపం. వాటి నుంచి రాలేది ఎక్కువగా పేళ్ళు, ముతక పొట్టు. అవి కాళ్ళ దగ్గరే పడతాయి, చీపురుతో ఊడ్చేయవచ్చు. విద్యుత్ రంపం, శాండర్ వచ్చాక పరిస్థితి మారింది. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. శాండర్ నుంచి లేచే పొడిలో 10 మైక్రాన్ల కంటే చిన్న రేణువులు కూడా ఉంటాయి. ఇవి నేలమీద వాలకుండా గంటల తరబడి గాలిలో తేలుతాయి. కాస్త పెద్దవి ముక్కులోని తడిపొరకు అంటుకుంటాయి, చిన్నవి ఊపిరితిత్తుల లోతులకు చేరతాయి. చీపురు పట్టుకుంటే కిందకు దిగినవి కూడా మళ్ళీ పైకి లేస్తాయి.

వృత్తికీ వ్యాధికీ ఉన్న బంధాన్ని తొలిసారిగా సమగ్రంగా గ్రంథస్థం చేసినవాడు ఇటలీ వైద్యుడు బెర్నార్దినో రామజ్జీని. 1700లో వెలువడిన తన గ్రంథంలో ఆయన, వైద్యుడు రోగిని అడగవలసిన ప్రశ్నలకు మరొకటి చేర్చాడు: నీవు చేసే పని ఏమిటి? ఆ ప్రశ్న విలువ ఏమిటో ఇంగ్లండులోని హై వికమ్ పట్టణం నిరూపించింది. అది కుర్చీల తయారీకి పేరు పొందిన ఊరు. అక్కడ చెవి, ముక్కు, గొంతు శస్త్రవైద్యురాలిగా పనిచేసిన ఎస్మీ హ్యాడ్‌ఫీల్డ్, ముక్కు లోపలి గాలిగదులలో వచ్చే అత్యంత అరుదైన ఒక రకం క్యాన్సర్ తన రోగులలో పదే పదే కనిపించడం గమనించారు. వారిలో ఎక్కువమంది కుర్చీలు, బల్లలు చేసేవారే. 1968లో ఆమె, సహచరులు కలిసి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన పరిశోధన, ఫర్నిచర్ పనివారిలో ఈ క్యాన్సర్ సాధారణ ప్రజలలో కంటే వందల రెట్లు ఎక్కువని తేల్చింది. కారణం వార్నిష్ కాదు, చెక్క పొడి. ఆ పొడి పీల్చడం మొదలైన తరువాత జబ్బు బయటపడడానికి సాధారణంగా కొన్ని దశాబ్దాలు పడుతుంది. అందుకే అంతకాలం ఎవరికీ అనుమానం రాలేదు. 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క పొడిని మానవులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది.

ఇప్పుడు గొట్టం కథకు వద్దాం. 1885లో అమెరికాలో జాన్ ఫించ్ పేరిట, గాలిని సుడి తిప్పి ధూళిని వేరుచేసే సైక్లోన్ యంత్రానికి పేటెంటు వచ్చింది. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు, దుమ్మును ఊది తొలగించే ఒక యంత్రం ప్రదర్శన చూశాడు. ఊదడం కాదు, పీల్చాలి అని ఆయనకు తట్టింది. ఒక హోటల్లో కుర్చీ మీద చేతిరుమాలు పరిచి, నోటితో గాలి పీల్చి, రుమాలుకు అంటిన మురికిని చూసి తన ఊహ నిజమని తేల్చుకున్నాడు. ఆయన తొలి యంత్రాలను గుర్రపు బండి మీద వీధిలో నిలిపి, పొడవాటి గొట్టాలను కిటికీల గుండా ఇళ్ళలోకి పంపేవారు. నేటి వర్క్‌షాప్ వ్యాక్యూమ్ క్లీనర్లు ఆ ఆలోచన వారసులే.

మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షను ఈ విషయంలో ఎంతో వివేకమైన మాట చెప్పింది. ధూళిని లాగే సాధనాన్ని, ధూళి పుట్టే చోటుకు సాధ్యమైనంత దగ్గరగా అమర్చాలన్నది దాని సారాంశం. అయితే విద్యుత్తు వాడే చోట కనీసం పదిమంది పనివారు ఉంటేనే ఆ చట్టం వర్తించేది. ఇద్దరు ముగ్గురు కలిసి ఇళ్ళలో పనిచేసే వడ్రంగులు దాని పరిధిలోకి రాలేదు. కనుక ఆ బాధ్యత మనమీదే ఉంది. యంత్రం కొన్నంత మాత్రాన సరిపోదు. గొట్టం, అతుకులు సరిగా లేకపోతే ఎంత మంచి యంత్రమైనా ధూళిని అందుకోలేదు.

చెక్క పొట్టు గొట్టంలో పేరుకోకుండా సాగాలంటే గాలి వేగం సెకనుకు సుమారు 20 మీటర్లు ఉండాలి. దీనికి 32 మిల్లీమీటర్ల గొట్టంలో సెకనుకు 16 లీటర్ల గాలి చాలు, 63 మిల్లీమీటర్ల గొట్టానికి 62 లీటర్లు, 100 మిల్లీమీటర్ల గొట్టానికి 157 లీటర్లు కావాలి. వర్క్‌షాప్ వ్యాక్యూమ్ క్లీనర్ గట్టిగా లాగుతుంది గాని, ఎక్కువ గాలిని లాగలేదు. దానికి 100 మిల్లీమీటర్ల గొట్టం తగిలిస్తే వేగం పడిపోయి పొట్టు దారిలోనే నిలిచిపోతుంది. ఎక్కువ పొట్టు విసిరే ప్లేనింగ్ యంత్రానికి, బల్ల రంపానికి పెద్ద ఫ్యాన్ ఉన్న డస్ట్ కలెక్టర్, 100 మిల్లీమీటర్ల గొట్టం తగినవి. చేతి శాండర్‌కు 27 నుంచి 36 మిల్లీమీటర్ల మెత్తని గొట్టం సరిపోతుంది.

అలాగని అనవసరంగా సన్నం చేయకూడదు. అంతే గాలిని సగం వ్యాసం ఉన్న గొట్టంలో పంపాలంటే ఒరిపిడి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది. గుండె రక్తనాళం కొద్దిగా సన్నబడితేనే ఎంత ప్రమాదమో మీకు తెలిసిందే, ఇక్కడా సూత్రం అదే. గొట్టం అవసరమైనంత పొడవే ఉండాలి. ముడతలున్న గొట్టం కంటే లోపల నున్నగా ఉన్నది మేలు. టీ ఆకారపు అతుకుకు బదులు వై ఆకారపు అతుకు, ఒక్కసారిగా తిరిగే 90 డిగ్రీల ఎల్బోకు బదులు రెండు 45 డిగ్రీల ఎల్బోలు వాడాలి. శాండర్ మూతికీ గొట్టానికీ కొలత కుదరకపోతే గుడ్డ చుట్టి సరిపెట్టకుండా, సరైన రబ్బరు అడాప్టర్ తీసుకోవాలి. సందులోంచి గాలి లోపలికి దూరినంత మేర పొడి బయటే మిగిలిపోతుంది. ఫిల్టరు 0.3 మైక్రాన్ రేణువులను సైతం 99.97 శాతం ఆపే హెపా రకమై ఉండాలి. లేకపోతే ముందు పీల్చిన సన్నని పొడినే యంత్రం వెనక నుంచి గదిలోకి వదులుతుంది.

మీ ఇంట్లో కొయ్యపని జరిగేటప్పుడు వడ్రంగికి వ్యాక్యూమ్ తగిలించిన శాండర్, చేతిరుమాలుకు బదులు ఎన్95 మాస్కు అందేలా చూడండి. ఆ ఖర్చును మీ పని ఖర్చులో భాగంగా భావించండి. పని ముగిశాక పొడి చీపురు వాడకుండా తడిగుడ్డతో తుడిపించండి. ఏళ్ళ తరబడి ఈ వృత్తిలో ఉన్నవారికి ముక్కు ఒకవైపే మూసుకుపోయి వారాల తరబడి తగ్గకపోయినా, ముక్కు నుంచి రక్తం కలిసిన స్రావం వస్తున్నా జలుబుగా భావించి ఉపేక్షించరాదు. పెదవాల్తేరులోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిలోగాని, దగ్గరలోని నిపుణుని వద్దగాని చూపించుకోవాలి. వైద్యుడు అడిగినా అడగకపోయినా, తాము చెక్క పని చేస్తామన్న మాట తప్పక చెప్పాలి.